పెచ్చులూడే కత్తి: ఒక కర్రీ పాయింట్ వంటగది కేసు

ఇంటి వెనక రేకుల షెడ్డులో కత్తులు చేస్తాను. కొత్త కత్తుల కంటే బాగుచేతకు వచ్చేవే ఎక్కువ. ఎవరో చేసినవి, ఎవరో సానపట్టి పాడుచేసినవి, పిడి ఊడినవి. ఈ కేసును రాసి పెట్టడానికి కారణం ఉంది. నా దగ్గరికి రాకముందు ఆ కత్తిని పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు: "గట్టిదనం ఎక్కువైంది." ఆ మాట అబద్ధం కాదు. కానీ దాన్ని పట్టుకుని చేసిన వైద్యమేదీ పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదన్నదే ఇక్కడ చెప్పదలచుకున్న విషయం. యజమాని, ఊరు, దుకాణం ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు వదిలేశాను.

నేపథ్యం

కత్తి యజమాని ఒక పట్టణంలో కర్రీ పాయింట్ నడుపుతారు. ఉదయం పదకొండు లోపు కూరలన్నీ సిద్ధం కావాలి. కూరగాయలు తరిగేవాళ్లు ఇద్దరు. ఒకావిడ కంద, గుమ్మడి, కొబ్బరి లాంటి మొండి సరుకు చూస్తారు, మరొకరు ఉల్లి, బెండ, బీర, వంకాయ. ఉన్న మంచి కత్తి మాత్రం ఒకటే, అది ఇద్దరి చేతుల్లోనూ తిరుగుతుంది. ఇనుప కడ్డీలు కోసే పెద్ద మెషీను రంపం బ్లేడుతో చేసిన కత్తి అని కొన్నప్పుడు చెప్పారట. మన ఊళ్లలో సాన పట్టేవాళ్లు, చిన్న లేత్ వర్క్‌షాపుల వాళ్లు ఇలాంటివి చాలా ఏళ్లుగా చేసి అమ్ముతున్నారు. అరిగిన బ్లేడు చవకగా దొరుకుతుంది, కొలిమి అవసరం ఉండదు, పదును చాలా కాలం నిలుస్తుంది. మంచి ఆలోచనే.

సమస్య

పదును పెట్టిన కొద్దిరోజులకే అంచు పెచ్చులూడుతోంది. మొద్దుబారడం వేరు, ఇది వేరు. చిన్న చిన్న ముక్కలు విరిగి పడిపోతున్నాయి. యజమాని భయం కత్తి గురించి కాదు, ఆ ముక్క ఏ కూరలో పడిందోనని. "ఒక్క ముక్క ఎవరి నోట్లోనైనా పడితే నా దుకాణం మూసుకోవాలి" అన్నారు. అందులో అతిశయోక్తి లేదు. తరిగిన కూరగాయల మీద అయస్కాంతం తిప్పితే సరిపోతుందా అని అడిగారు. కూరలో కలిసిపోయిన అర మిల్లీమీటరు ముక్క కోసం అలా వెతకడం మీద భరోసా పెట్టుకోవద్దని చెప్పాను.

అప్పటికి జరిగిన వైద్యం ఇది. కత్తులు చేయడం సరదాగా నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు దాన్ని ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాడు. మార్పు లేదు. తర్వాత గ్యాస్ పొయ్యి మీద నీలి రంగు వచ్చేదాకా కాల్చాడు. మామూలు కార్బన్ ఉక్కు అయితే నీలి రంగు అంటే సుమారు 300 డిగ్రీలు, పదును నిలవనంత మెత్తబడాలి. ఈ కత్తి అలాగే గట్టిగా ఉంది, అలాగే విరుగుతోంది. ఆ తర్వాత ఒక సానవాడు అంచును బాగా లోపలికి అరగదీసి కొత్త పదును తెచ్చాడు. కొద్దిరోజులు బాగుంది, మళ్లీ మొదలైంది.

అంచు చెప్పిన సంగతి

సాన జోలికి వెళ్లకుండా ముందు అంచును పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టాను. ఇలాంటి కత్తి వస్తే తొందరపడి పదును పెట్టేయడం అంటే సాక్ష్యం చెరిపేయడమే.

పెచ్చులు అర్ధచంద్రాకారంలో ఉన్నాయి, ఒక్కోటి సుమారు మిల్లీమీటరు వెడల్పు. విరిగిన చోట బూడిద రంగు, గరుకుతనం. నన్ను ఆపింది వాటి ఆకారం కాదు, అవి ఉన్న చోటు. అంచు పొడవునా సమంగా లేవు. పిడికి దగ్గరి మూడో వంతులో గుంపుగా ఉన్నాయి, మొన దగ్గర ఒక పెద్దది ఉంది, మధ్యలో దాదాపు శుభ్రం. పైగా గుంపులో ఉన్నవన్నీ ఒకే వైపుకు, ఎడమ వైపుకు చీలి ఊడినవి.

లోపం ఉక్కు గట్టిదనంలోనే ఉంటే అంచు అంతటా కనిపించాలి, ఎందుకంటే బ్లేడు మొత్తం ఒకే గట్టిదనం. ఒక్క చోటే విరుగుతోందంటే ఆ చోట పడే బలం వేరు. అంచు కిందికి నొక్కే బలానికి బాగానే ఓర్చుకుంటుంది, పక్కకు తిప్పే బలానికి ఓర్చుకోలేదు. అన్నీ ఒకే వైపుకు ఊడాయంటే ఎవరో ప్రతిసారీ ఒకే దిశలో తిప్పుతున్నారు.

యజమానిని అడిగితే తెలియదన్నారు. కంద తరిగే ఆవిడను పిలిపించి ఎలా కోస్తారో చేసి చూపించమన్నాను. కత్తి మడమను, అంటే పిడి దగ్గరి అంచును, కందలోకి దిగేసి మణికట్టును ఒక తిప్పు తిప్పారు. కంద ఫట్‌మని పగిలింది. కొబ్బరి చిప్ప నుంచి కొబ్బరిని మొనతో పెకిలించారు. పెద్ద పెచ్చు ఎక్కడిదో దొరికింది.

ఉక్కు ఏదో తేల్చడం

కారణం దొరికినా ఉక్కు ఏదో తెలియకుండా మందు చెప్పలేను. పిడి రివెట్లు డ్రిల్లు చేసి తీశాను. పిడి కింద దాగిన భాగంలో పాత నీలి రంగు పెయింటు మిగిలి ఉంది, అందులో సగం చెరిగిన హెచ్ఎస్ఎస్ అక్షరాలు. చివర మెషీనుకు బిగించే పెద్ద రంధ్రం. అంటే హై స్పీడ్ స్టీలు.

అక్షరాలను మాత్రమే నమ్మలేదు. ఈ రంపం బ్లేడులు రెండు రకాలుగా వస్తాయి. మొత్తం హై స్పీడ్ స్టీలుతో చేసినవి ఒకటి. పళ్ల దగ్గర సన్నని పట్టీ మాత్రమే హై స్పీడ్ స్టీలు, వెనక భాగం స్ప్రింగు ఉక్కు, రెండూ అతికినవి రెండోది. రెండో రకంలో పళ్లు అరగదీసేసరికి మంచి ఉక్కు పట్టీ అంతా పోయి, మెత్తని వెనక భాగమే అంచు అవుతుంది. అలాంటి కత్తి చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, పదును మాత్రం నిలవదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని పలుచన చేసి బ్లేడు మీద పూశాను. అతుకు ఉంటే గీతలా బయటపడుతుంది. ఏ గీతా రాలేదు. పిడి భాగాన్ని గ్రైండరు చక్రానికి తాకించి రవ్వలు చూశాను. కార్బన్ ఉక్కు రవ్వలు తెల్లగా, కొమ్మలుగా పేలతాయి. ఇవి ముదురు ఎరుపులో, పొట్టిగా, పేలకుండా ఆరిపోయాయి. ఆకురాయి అంచు మీద జారిపోయింది. మొత్తం గట్టి ఉక్కే.

ఇక ఓవెన్ వైద్యం ఎందుకు విఫలమైందో అడగనక్కరలేదు. మామూలు కార్బన్ ఉక్కును 200 డిగ్రీల చుట్టూ వేడిచేస్తే పెళుసుదనం తగ్గుతుంది. హై స్పీడ్ స్టీలులో టంగ్‌స్టన్, మాలిబ్డినం, వెనేడియం ఉంటాయి. దానికి టెంపరింగ్, అంటే గట్టిపరిచిన ఉక్కును అలా మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గించడం, జరిగేదే 550 డిగ్రీల దగ్గర, అక్కడ గట్టిదనం ఇంకాస్త పెరుగుతుంది కూడా. వేడెక్కి ఎర్రబడబోతున్నా కోయగలగాలనే ఆ ఉక్కును తయారుచేశారు. 200 డిగ్రీలు దానికి ఒక లెక్క కాదు. నీలి రంగు పైపైన పట్టిన ఆక్సైడు పొర మాత్రమే, లోపల ఏమీ మారలేదు.

కొలిమిలో పెట్టి మళ్లీ గట్టిపరిచి, మనకు కావలసినంత మెత్తబరచవచ్చు కదా అని ఆ కుర్రవాడు అడిగాడు. ఈ ఉక్కును గట్టిపరచాలంటే సుమారు 1,200 డిగ్రీలు కావాలి, అదీ కొద్ది నిమిషాల లెక్కలో, గాలి తగలకుండా. ఇంటి గ్యాస్ కొలిమిలో ఆ వేడి వచ్చినా అదుపులో ఉండదు. అక్కడికి వెళితే ఉన్న మంచి ఉక్కును పాడుచేసుకోవడమే. ఆ దారి వదిలేశాను. ఉక్కు గుణం మార్చలేను కాబట్టి నా చేతిలో మిగిలినవి రెండు: అంచు ఆకారం, వాడకం.

ఆకారం మార్చి చూడటం

అంచుకు ఒక మిల్లీమీటరు పైన మందం కొలిస్తే పావు మిల్లీమీటరు. ఒక్కో వైపు కోణం 12 డిగ్రీల చుట్టూ ఉంది. చిన్న సాన చక్రం మీద అరగదీయడం వల్ల అంచు వెనక భాగం లోపలికి గుంటపడి, సరిగ్గా బలం కావలసిన చోటే పలచనైంది. ఉల్లిపాయకు ఇది స్వర్గం. కందకు ఆత్మహత్య.

పెచ్చులు పోయేదాకా అంచును వెనక్కి తీసి, చదును రాయి మీద గుంట సరిచేసి, అంచు కొసన మాత్రమే ఒక్కో వైపు 20 డిగ్రీలతో చిన్న రెండో వాలు పెట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కార్బన్ ఉక్కును అరగదీసేటప్పుడు పదే పదే నీళ్లలో ముంచుతాం, లేకపోతే మెత్తబడుతుంది. హై స్పీడ్ స్టీలు బాగా వేడెక్కినప్పుడు నీళ్లలో ముంచితే కంటికి కనపడని బీటలు పడవచ్చు. చల్లగా ఉన్నప్పటి నుంచే నీళ్లు పారిస్తూ అరగదీయాలి, లేదంటే గాలికి ఆరనివ్వాలి. వేడి చేసి ముంచడం మాత్రం వద్దు. చేతి అలవాటు దానికి ఎదురు తిరుగుతుంది కాబట్టి నీళ్ల డబ్బా అక్కడి నుంచి తీసేసి పని చేశాను.

వాళ్ల వంటగదిలో గ్రానైట్ బండ మీదే తరుగుతున్నారు. రాయికి తగిలిన అంచు ఏ ఉక్కుదైనా నిలవదు. చింత మొద్దు వేయించమన్నాను, వేయించారు.

ఫలితం సగమే వచ్చింది. మధ్య భాగం, మొన బాగున్నాయి. మడమ దగ్గర పెచ్చులు తగ్గాయి కానీ ఆగలేదు. లావు కోణం తిప్పుడు బలాన్ని కొంత ఓర్చుకుంటుంది, అంతే. ఇంకా లావు చేస్తే ఉల్లిపాయ తరిగే ఆవిడకు ఆ కత్తి పనికిరాదు. ఒకే అంచు నుంచి రెండు విరుద్ధమైన పనులు అడుగుతున్నాం.

తిప్పకుండా కోయమని చెప్పి చూశాం. కంద తరిగే ఆవిడ నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. "తిప్పకుండా కంద ఎలా పగులుతుందండీ? పొద్దున్నే మీరొచ్చి ఒక బుట్ట కోసి చూపించండి" అన్నారు. ఆవిడ మాటే న్యాయం. కందను ఎవరైనా అలాగే కోస్తారు, అది ఆవిడ పనితనం. తప్పు కత్తిని ఆవిడ చేతిలో పెట్టిన ఏర్పాటుది. వంటగదిలో పదకొండు గంటల ఒత్తిడి ముందు ఏ సలహా నిలవదు.

రెండో కత్తి

కంద, గుమ్మడి, కొబ్బరికి వేరే కత్తి చేయాలని చెప్పాను. "కత్తి బాగుచేయమని వస్తే కొత్త కత్తి అంటగడుతున్నారా మాస్టారూ?" అని యజమాని నవ్వుతూనే అన్నారు, కానీ అందులో నిజం కూడా ఉంది. భూతద్దం ఇచ్చి పెచ్చులు ఆయనకే చూపించాను. ఒప్పుకున్నారు.

ఈ కత్తికి పదును ఎక్కువకాలం నిలవడం కంటే విరగకపోవడం ముఖ్యం. స్ప్రింగు ఉక్కు సరైనది. వంగి తిరిగి లేవడమే దాని పని. పాత లారీ కమాను పట్టీ తీసుకోలేదు. ఏళ్ల తరబడి గుంతల రోడ్ల మీద లేచిపడిన పట్టీలో కనపడని పగుళ్లు ఉండవచ్చు. కమాన్లు కట్టే షాపులో కొత్త పట్టీలు కోసినప్పుడు మిగిలే ముక్క తీసుకున్నాను. అయినా కిరోసిన్‌లో నానబెట్టి, తుడిచి, సుద్ద పూసి చూశాను. పగులు ఉంటే లోపలి కిరోసిన్ ఊరి సుద్ద మీద గీత కడుతుంది.

మన దగ్గర దొరికే కమాను ఉక్కులో చాలా వరకు సిలికాన్ ఎక్కువ, కార్బన్ అర శాతం పైన ఉంటుంది. ఇక్కడే ఇంటి కొలిమి వాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. ఉక్కు గట్టిపడాలంటే, కాలుస్తూ అయస్కాంతం అంటుకోవడం మానగానే నూనెలో ముంచు, అదే సూత్రం అని చెబుతారు. ఇనుము అయస్కాంత గుణం కోల్పోయేది 770 డిగ్రీల దగ్గర. సిలికాన్ ఉన్న ఉక్కు లోపలి మార్పు పూర్తి కావడానికి ఇంకా పైకి వెళ్లాలి. అందుకే అసలు కత్తి ముట్టుకునే ముందు అదే ముక్కలోంచి వేలెడంత నమూనాలు కోసుకున్నాను. అయస్కాంతం వదలగానే ముంచిన ముక్కను ఆకురాయి సులువుగా కొరికింది. వేడిని కొలిచే థర్మోకపుల్ చూసుకుంటూ ఇంకో వంద డిగ్రీలు పెంచి, కాసేపు నిలిపి ముంచిన ముక్క మీద ఆకురాయి జారింది. దాన్ని వైసులో పెట్టి, గుడ్డ కప్పి, కళ్లజోడు పెట్టుకుని విరిచాను. విరిగిన ముఖం పింగాణీ కప్పు పెంకు విరిగినట్టు నున్నగా, మెరుపు లేకుండా ఉంది. ఇంకా పైకి తీసుకెళ్లిన ముక్క విరిస్తే పంచదార పలుకుల్లాంటి మెరుపు కనిపించింది. అది ఉక్కు లోపలి గింజ, అంటే స్ఫటికం, పెరిగిందనడానికి గుర్తు, అంటే పెళుసు. ఈ రెండిటి మధ్య నాకు పని చేయవలసిన చోటు దొరికింది.

పట్టీ ముక్కను కాల్చి, బూడిదలో కప్పి రాత్రంతా చల్లారనిచ్చి మెత్తబరిచాను. ఆకారం కోసి, వెన్ను మూడున్నర మిల్లీమీటర్లు ఉండేలా అరగదీసి, అంచును మాత్రం ఒక మిల్లీమీటరు మందంతో వదిలేశాను. ముందే సన్నం చేస్తే ముంచినప్పుడు వంకరపోతుంది, కాల్చినప్పుడు కార్బన్ పోయిన పైపొర తీసేయడానికి కూడా ఆ మందం కావాలి. వేడిచేసి గాలికి చల్లార్చడం మూడు సార్లు. ఆ తర్వాత 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన వేరుశనగ నూనెలో నిలువుగా ముంచాను. నూనె ఇనుప డబ్బాలో, పక్కనే మూత, ఇసుక బకెట్టు, షెడ్డు బయట. ప్లాస్టిక్ బకెట్లో నూనె పోసి చేసేవాళ్లను చూశాను. ఆ పని చేయకండి.

కత్తి కొద్దిగా వంకరతో బయటికొచ్చింది. గట్టి ఇనుప కడ్డీకి బిగించి అలాగే టెంపరింగ్‌కు పెట్టాను, సరయింది. 230 డిగ్రీలు, రెండు గంటల చొప్పున రెండుసార్లు. చిన్న ఓవెన్ల డయలు చెప్పే వేడికీ లోపలి వేడికీ పొంతన ఉండదు, అందుకే లోపల విడిగా థర్మామీటరు, ట్రేలో ఇసుక. 200 చాలు కదా అనవచ్చు. ఉల్లిపాయ కత్తికైతే అదే చేసేవాణ్ని. ఇక్కడ కొంత పదును వదులుకుని ఓర్పు కొనుక్కుంటున్నాను. చివర అంచును నీళ్లలో ఉంచి వెన్నును మాత్రం టార్చితో నీలిరంగు దాకా కాల్చాను, ఇంకా మెత్తబడటానికి.

అంచు గుండ్రటి పొంకంతో, ఒక్కో వైపు 25 డిగ్రీలు. పూర్తయ్యాక ఇత్తడి కడ్డీ మీద అంచును ఒరగబెట్టి నొక్కితే కొద్దిగా వంగి తిరిగి లేచింది. వంగి ఉండిపోలేదు, విరగలేదు. ఇక మణికట్టు తిప్పినా పరవాలేదు.

పిడి నల్ల తుమ్మ, ఇత్తడి రివెట్లు, ఎపాక్సీ. యజమాని నున్నగా మెరవాలన్నారు. నూనె చేతికి మెరుపు పిడి జారుతుంది, గరుకు కాగితం ఆనవాలు వదిలేశాను.

అడ్డుకట్ట

కొత్త కత్తి ఇచ్చాక పాతదాన్ని అలాగే ఇస్తే హడావిడిలో చేతికి ఏది దొరికితే దానితోనే కంద కోస్తారు. అందుకే పాత కత్తి మడమను, రెండు సెంటీమీటర్ల మేర, పూర్తిగా గుండ్రంగా మొద్దు చేసేశాను. కందలోకి దించడానికి అక్కడ అంచే లేదు. అమ్మకానికైతే ఇది లోపంలా కనిపిస్తుంది. ఉల్లి తరిగే ఆవిడకు మాత్రం చూపుడు వేలు ఆనించుకోవడానికి చోటు దొరికింది. రెండు పిడులూ వేరే ఆకారాలు: పాతదానికి సన్నని నేరు పిడి, కొత్తదానికి చివర కొక్కెంలా వంపు. చూడకుండా పట్టుకున్నా ఏదో తెలియాలి.

రోజూ దుకాణం తెరవగానే చేయవలసిన పరీక్ష ఒకటి నేర్పాను. చిన్న దూది ముక్కను వెన్ను వైపు నుంచి అంచు వైపుకు, తర్వాత అంచు వెంట మెల్లగా జరపాలి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ పెచ్చు ఉంది, ఆ కత్తి ఆ రోజు పక్కన పెట్టాలి. రెండూ తుప్పు పట్టే ఉక్కులే. నిమ్మ, చింతపండు తగిలాక కడిగి, తుడిచి, నూనె చేయి రాయాలి.

ఆ తర్వాత పాత కత్తికి మడమ దగ్గర కొత్త పెచ్చులు రాలేదు. ఒకసారి మాత్రం కొత్తగా చేరిన సహాయకుడు మొనతో కొబ్బరి పెకిలించాడు, మొన విరిగింది. పొద్దున దూది పరీక్షలో పట్టుబడింది. మొనను కాస్త మొద్దుగా తిప్పి ఇచ్చాను.

నా పద్ధతిలో మారినవి

పెచ్చు ఎక్కడ ఊడిందో కాగితం మీద బ్లేడు బొమ్మ గీసి గుర్తుపెట్టుకోవడం ఇప్పుడు ప్రతి బాగుచేతకూ మొదటి పని. అంచంతా సమంగా ఊడితే ఉక్కును అనుమానిస్తాను. ఒకచోటే ఊడితే చేతిని, బల్లను చూస్తాను. అంచు విరగకుండా మడతపడితే దారి పూర్తిగా వేరు, అక్కడ నిజంగానే మెత్తదనం కావచ్చు.

కత్తి అడిగిన మనిషితో కాదు, దాన్ని వాడే మనిషితో మాట్లాడతాను, వీలైతే కోయించి చూస్తాను. ఏ పనికి చేశానో పుస్తకంలో రాస్తాను. దీనికి ఇంకో అవసరం కూడా ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పున్న బ్లేడుల మీద ఆంక్షలున్నాయి. వంటకు, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉన్నా, కంద కత్తిని ఆ కొలతల లోపే ఉంచాను.

పాత కత్తి ఎత్తు ఇప్పుడు 25 మిల్లీమీటర్లు. సానపట్టిన కొద్దీ అంచు వెన్ను వైపు జరిగి లావెక్కుతుంది. బెండకాయ కోస్తుంటే తెగడం మాని నలగడం మొదలైతే అంచు వెనక భాగాన్ని పలచన చేయాలి. ఆ పని సానవాడికి ఇవ్వకుండా నా దగ్గరికే తెమ్మన్నాను, చిన్న చక్రం మీద పెడితే మళ్లీ అదే గుంట పడుతుంది.